తేడా బరువు

లారీ ఖాళీగా వచ్చినప్పుడు ఒకసారి తూస్తాను,
బొగ్గు నిండాక ఇంకోసారి.
తేడాయే సరుకు.
పోర్టు గేటు పక్కన వేబ్రిడ్జి గదిలో
పదకొండేళ్లుగా నాకు తెలిసిన లెక్క ఇదొక్కటే.

లారీకీ లారీకీ మధ్య నవలలు చదువుతాను.
ఈ వానాకాలం నాలుగు.
క్యాంటీన్‌లో బిల్లులు కొట్టే నూకరత్నం తెచ్చిస్తుంది.
"ఇది సదివితే నిద్దరట్టదక్కా" అంటుంది,
అన్నిటికీ అదే మాట.

మొదటిది మా ఊరి కథే.
నూట ముప్పయ్యో పేజీలో కథానాయకుడు
బీచ్ రోడ్డు గోడ మీద కూచుని
సూర్యుడు సముద్రంలోకి దిగిపోవడం చూస్తాడు.
చూసి ఏడుస్తాడు.
నాకు నవ్వొచ్చింది, ఆ వెనకే కోపం.
ఎప్పుడొచ్చాడయ్యా ఈయన మా ఊరికి?
ఇక్కడ సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు గానీ నీళ్లలో మునగడు.
సాయంత్రమైతే సింహాచలం కొండల వెనక్కి
షిఫ్టు దిగినవాడిలా ఎవరికీ చెప్పకుండా పోతాడు.
మార్జిన్‌లో పెన్సిల్‌తో "తూర్పు!" అని రాశాను.
అయినా ఒప్పుకోవాలి,
ఇంకో ఇరవై పేజీలకి వాడి చెల్లెలు
ఆసుపత్రి వరండాలో అన్నం డబ్బా మూత తియ్యలేక, తియ్యలేక,
పక్కన కూచున్న ఎవరో ఆవిడ చేతికిచ్చినప్పుడు
దిక్కులన్నీ క్షమించేశాను.

రెండోది అందరూ పొగిడింది.
ఆరువందల పేజీలు, అట్ట మీద బంగారు అక్షరాలు.
తొంభై నాలుగు దగ్గర ఆగిపోయాను.
ఇరవై ఎనిమిదో నంబరు బస్సు టికెట్ ఇంకా అక్కడే ఉంది.
ఒక్కో వాక్యం పెళ్లికొచ్చిన పెద్దమనిషిలా
కండువా సర్దుకుంటే గానీ కూచోదు.
తప్పు నాదే కావచ్చు,
రాత్రి రెండింటికి, హారన్ల మధ్య చదవాల్సింది కాదేమో.
నూకరత్నానికి బాగుందనే చెప్పాను.

మూడోదాని గురించి ఎలా చెప్పను?
అందులో ఒకచోట, గోడ మీది కాకి ఎలిపోనాది.
ఏ పాత్రా అన్న మాట కాదు,
కథ చెబుతూ చెబుతూ రచయిత్రే అనేసింది.
ఎలిపోనాది.
తొమ్మిదో తరగతి వ్యాసంలో నేను రాస్తే
తెలుగు మేష్టారు ఎర్రసిరాతో కొట్టేసి
క్లాసంతా నవ్వేలా పైకి చదివిన మాట.
మా అమ్మ మాట.
ఇప్పుడు అచ్చులో, కొటేషన్ గుర్తుల కాపలా కూడా లేకుండా
దర్జాగా కూచునుంది.
వేలు పెట్టి తడిమాను.
వేలికున్న బొగ్గు మసి కాగితానికి అంటింది.
తుడవలేదు.
కథేమిటో అడిగితే మాత్రం సరిగ్గా గుర్తు లేదు.

నాలుగోది నన్ను వదలడం లేదు.
అందులో ఒక వదిన. పేరు లేదు.
నలభయ్యో పేజీలో టీ తెస్తుంది.
కప్పులు అయిదు, ఆవిడతో కలిపి మనుషులు ఆరుగురు.
ఖాళీ ట్రే గుండెకి ఆనించుకుని వంటింటి తలుపు దాటుతుంది.
అంతే.
మూడువందల పేజీలు ఎదురుచూశాను.
ఆస్తి పంచుకున్నారు, కేసు గెలిచారు, ఒకాయన కవి కూడా అయ్యాడు.
ఆవిడ మాత్రం ఇవతలికి రాలేదు.
రచయిత మర్చిపోయాడా?
మర్చిపోవడాన్నే రాశాడా?
తేలకపోతే నాకు పడదు.
పది కిలోలు తేడా వస్తే లారీని వెనక్కి పిలిచే మనిషిని.
ఆవిడకి తవిటమ్మ అని పేరు పెట్టుకున్నాను.

నిన్న తెల్లారుజామున వాన, లారీలు లేవు.
ఆ నవల చంకలో పెట్టుకుని
వేబ్రిడ్జి మీద నేనే ఎక్కి నిలబడ్డాను.
అద్దంలోంచి అంకె కనబడింది: అరవై.
పుస్తకం గదిలో పెట్టొచ్చి మళ్లీ ఎక్కాను.
అరవై.
పది కిలోల లోపు బరువులు దానికి ఆనవు.

తడిసిన తల తుడుచుకుని, ఫ్లాస్కు మూత తీసి
టీ పోసుకుంటూ
ఇంకో గ్లాసులో కూడా ఎందుకో పోశాను.
ఈలోగా గేటు దగ్గర హారన్.
కాగితాలు పట్టుకొచ్చిన రాయపూర్ డ్రైవరు
అది తనకే అనుకుని తాగేశాడు.